ఓడకి తక్కువైన ఒక్కరు

లంబాసా,
1911 మార్చి 9.

బావగారికి జగన్నాథం నమస్కారాలు.

నేను బాగున్నాను, ఇక్కడి వానే బాగాలేదు. అక్కకి జ్వరం తగ్గిందని మీ కార్డులో చదివి కుదుటపడ్డాను. మీరిద్దరూ పెద్ద దీవి మీద లౌటోకాలో, నేను సముద్రానికి ఇవతల ఈ చిన్న దీవిలో. ఉత్తరం చేరడానికి వారం నుంచి పదిహేను రోజులు పడుతోంది కాబట్టి దీనికి జవాబు వెంటనే రాయండి.

మీ ఇంగ్లీషుతో పని పడింది. నాకు ఇంగ్లీషు నేర్పిన పాపమూ, కోర్టులో తెలుగువాళ్ళ మాటలు దొరకి ఇంగ్లీషులో చెప్పే ఈ ఉద్యోగం ఇప్పించిన పాపమూ మీవే. అందుకని తప్పించుకోవడానికి లేదు.

సోమవారం వాయినికోరో వైపు ఒక చెరకు ఎస్టేటు నుంచి తులసి అనే మనిషిని పట్టుకొచ్చారు. నేరం ఏమిటంటే పదకొండు రోజులుగా ఇచ్చిన పని పూర్తి చెయ్యకపోవడం. ఓడెక్కేటప్పుడు ఇచ్చిన పాసు మీద ఆడమనిషి అని ఉంది. మూడేళ్ళుగా ఆడవాళ్ళ పని కొలతే ఇచ్చారు, రోజూ పూర్తయింది. ఫిబ్రవరిలో కూలీలని అజమాయిషీ చేసే సర్దారు రామ్ ప్రసాద్ వెళ్ళి తోట దొరతో, అదే కొలంబరుతో, "ఇది ఆడది కాదు, మగాడు" అని చెప్పాడు. మర్నాటి నుంచి మగవాళ్ళ కొలత. అది పూర్తి కాలేదు.

నేను దగ్గర నించి చూశాను. సన్నటి మనిషి. జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది, చీరని పైకి దోపి కట్టి ఉంది. గొంతు విన్నా ఆడో మగో తేలదు. నా కళ్ళకి చత్వారం ఇంకా రాలేదు బావగారూ, అయినా తేలదు.

ఇక్కడి కోర్టులో ఒక పద్ధతి ఉంది. ముద్దాయి "నేను" అంటే నేనూ "నేను" అనకూడదు. "ఇతను అంటున్నాడు" అనో "ఈమె అంటోంది" అనో మార్చి చెప్పాలి. ఏది అనాలో తెలియక "తులసి పొలానికి వెళ్ళినట్టు తులసి చెప్పారు, తులసి పార తులసి తెచ్చుకున్నారు" అంటూ పోయాను. ఏడోసారికి మేజిస్ట్రేటు కలం కింద పెట్టి, "మీ భాషలో సర్వనామాలు లేవా" అన్నాడు. ఉన్నాయన్నాను. మీ భాషలోనే వెతుక్కుంటున్నానని అనలేదు. తర్వాత ధైర్యం చేసి "దే" అన్నాను. ఆయన బోనులోకి తొంగిచూసి, "లోపల ఎంతమంది ఉన్నారు" అన్నాడు. కోర్టంతా నవ్వింది. తులసి మాత్రం నవ్వలేదు.

చివరికి మేజిస్ట్రేటు చెప్పింది ఇది. మగవాడైతే పాసు దొంగది, చేసిన మూడేళ్ళూ కొట్టేసి మగవాళ్ళ లైన్లో గిర్మిట్, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం, మళ్ళీ మొదటి నుంచి. ఆడదైతే కేసు లేదు. తేల్చడానికి డాక్టరు బట్టలు విప్పించి చూస్తాడు. ఈ మాట తెలుగులో చెప్పాను. "ఒప్పుకోను" అన్నారు తులసి. డాక్టరు వచ్చే రోజుకీ ఒప్పుకోకపోతే జైలు, అందాకా ఎస్టేటులోనే.

ఇంగ్లీషులో ఇటూ అటూ కాని మాట ఒకటి ఉంటే చెప్పండి. వచ్చే వాయిదాకి నాకది కావాలి.

మీ
జగన్నాథం


లౌటోకా,
మార్చి 27.

చిరంజీవి జగన్నాథానికి బావ ఆశీస్సులు.

ఇక్కడి చెరకు మిల్లు ఇంకా మొదలవలేదు. నాకు ఆఫీసులో ఈగలు తోలే ఉద్యోగం. ఇలాంటప్పుడు నీ ఉత్తరం రావడం మంచిదే అయింది.

నువ్వడిగిన మాట కోసం ఇంగ్లీషువాళ్ళే కొట్టుకు చస్తున్నారు. ఒక వర్గం వాళ్ళది చట్టం దారి. చట్టంలో "హీ" అని రాస్తే ఆడవాళ్ళూ అందులోకే వస్తారట. ఈ సంగతి మీ అక్కకి చెప్పాను. "అయితే షీ అని రాసి మిమ్మల్ని అందులో కలపమనండి" అంది. ఆ రోజు చారులో ఉప్పు లేదు.

ఇక నీ "దే". మాటల్లో దొరలే అంటారు. ఎవరో గొడుగు మరిచిపోతే, ఆ మరిచింది ఎవరో తెలియకపోతే, "వాళ్ళ గొడుగు" అంటారు. కానీ కాగితం మీద రాస్తే వాళ్ళ పంతులు బెత్తం తీస్తాడు. పాదిరీగారి దగ్గర ఒక పాత అమెరికా పేపరు చదివాను. అక్కడో లాయరు రెండు మాటలు అతికించి కొత్త మాట తయారు చేసి, అందరూ దీన్నే వాడండని బతిమాలాడట. ఎవరూ వాడలేదు. కొత్త చెప్పులు తొడుక్కున్నవాడికే కరుస్తాయి, చూసేవాడికి ఏం. "ఇట్" ఉంది గానీ అది బల్లకీ కుర్చీకీ. మనం తెలుగులో ఆడమనిషిని "అది" అనడం లేదా అని వాదించకు. అది మన సిగ్గుమాలినతనం, దాన్ని అరువివ్వక్కర్లేదు.

ఇంకో విషయం. నీ ఉత్తరం నిండా "తులసి అన్నారు, తులసి చెప్పారు". కూలీ మనిషికి అంత మర్యాదేమిట్రా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. తెలుగులో నువ్వు మర్యాద చాటున దాక్కున్నావు. ఇంగ్లీషులో ఆ చాటు లేదు.

నా సలహా విను. కందకి లేని దురద కత్తిపీటకెందుకు. "హీ" అని చెప్పేసి ఇంటికి పో. డాక్టరు చూస్తాడు, తేలుస్తాడు. అది ఆయన పని. నువ్వు ఎస్టేటుకి పోయి ఆరాలు తియ్యకు.

అక్క నీకు ఊరగాయ పంపుతోంది. సీసా పగలకపోతే నీ అదృష్టం.

కిష్టయ్య


లంబాసా,
ఏప్రిల్ 10.

బావగారికి నమస్కారాలు.

సీసా పగిలింది. ఊరగాయ మీ ఉత్తరానికి అంటుకుంది, రెంటినీ వదల్లేదు.

మీరు వద్దన్న పని చేశాను. ఆదివారం ఎస్టేటుకి వెళ్ళాను. కూలీల గదుల లైన్ల మధ్య బురద మోకాలి దాకా ఉంది. తులసి గంగ అనే ఆవిడతో ఒకే గదిలో ఉంటున్నారు. గంగ మొగుడు రెండేళ్ళ కిందట పోయాడు. చేతిలో బిమ్లా అని మూడేళ్ళ పిల్ల. మొగుడు పోయిన నెల నుంచీ సర్దారు రామ్ ప్రసాద్ ఆ తలుపు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒంటరి ఆడదాని గది తలుపు సర్దారుకి తెరవకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. చివరికి ఈ జనవరిలో తులసి తన చాప తెచ్చి ఆ గదిలో పరిచారు. లోపల పార కర్ర అడ్డం పెట్టారు. మూడేళ్ళు రోజూ వరసలో నించోబెట్టి లెక్కపెట్టిన మనిషి మగాడని రామ్ ప్రసాద్‌కి ఆ తలుపు మూసుకున్నాకే కనబడింది.

లైన్లో మనవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. "మా జహాజీ" అంటారు, అయిపోయింది. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు తోడబుట్టినవాళ్ళకంటే ఎక్కువ కదా. దానికి ఆడా మగా తేడా లేదు.

డాక్టరు సంగతి ఎత్తాను. తులసి నా మొహం చూడకుండా బియ్యం ఏరుతూ చెప్పారు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మా ఊర్ల నన్ను రెండుసార్లు బట్ట ఇప్పి సూసినారు బాబూ. ఒకపాలి మా మావలు, ఒకపాలి ఊరి పెద్దలు. సూసినోళ్ళు ఒక్క మాట మీద నిలబడినారా అంటే అదీ నేదు. కొందరు అటన్నారు, కొందరు ఇటన్నారు. అందుకే ఓడెక్కినాను. ఇక్కడా సూత్తామంటే ఇంక నాను ఎక్కడానికి ఓడ నేదు. జైల్లోనే కూకుంటాను."

"నీకు నువ్వు ఏమనుకుంటావు" అని అడిగాను. "నాకు నాను తులిసినే గదా" అన్నారు. గంగ పక్కనుంచి, "పిల్ల జొరంతో ఉన్నప్పుడు ఒళ్ళో ఏసుకుని కూకున్న మనిషి బాబూ, ఆడో మగో ఎవుడికి కావాల" అంది.

పాసు ఎలా వచ్చిందో కూడా చెప్పారు. "డిపోల పదారు రోజులు కూకోబెట్టినారు. ఆడోళ్ళు సాలక ఓడ కదల్నేదట. ఒక రైటరుబాబు నన్ను సూసి నవ్వీసి రాసీనాడు. ఏటి రాసినాడో ఓడ దిగీదాకా నాకు తెల్దు."

నూరుమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు లేనిదే ఓడ కదలకూడదన్న నియమం మీకు నాకంటే బాగా తెలుసు. ఆ ఏడాది, 1908లో, మీరూ ఓడెక్కేవాళ్ళ పాసులు ఆ డిపోలోనే రాస్తుండేవారు. అలా రాసిన రైటరు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. తప్పు కాగితానిదే అని అతను నాలుగు ముక్కలు రాసి ప్రమాణం చేస్తే డాక్టరుతో పని ఉండదు. పేరు చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను.

మీ
జగన్నాథం


లౌటోకా,
ఏప్రిల్ 24.

చి. జగన్నాథానికి,

ఆ డిపోలో అయిదుగురు రైటర్లు ఉండేవాళ్ళు. రోజుకి నూరు కాగితాలు రాసేవాళ్ళం. ఎవరు ఏది రాశారో జ్ఞాపకం పెట్టుకోవడం మనుషులకి సాధ్యం కాదు. నాకు జ్ఞాపకం లేదు.

మీ అక్క కులాసాగా ఉంది. కోర్టు సంగతులు ఇంటి ఉత్తరాల్లో రాయవద్దు.

కిష్టయ్య


లంబాసా,
మే 3.

కిష్టయ్యగారికి,

డాక్టరు వచ్చే తేదీ మే 29. ఆ రోజు తులసి నిరాకరిస్తే అక్కడి నుంచే జైలుకి. జైలుకి పోతే గంగ గది తలుపుకి లోపల పార కర్ర పెట్టేవాళ్ళు ఉండరు. రామ్ ప్రసాద్ ఇప్పటికే గంగని వేరే గదికి మార్చమని అడిగాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. నేను పేరు అడిగాను గానీ మీరని అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఈ దేశంలో ఎవరి గురించి చెప్పినా ఎదుటివాడు అడిగే మొదటి మాట ఏమిటి? ఏ ఓడ అని. మీరు మరీను. చచ్చిపోయినవాడి గురించి చెప్పినా "ఏ ఓడవాడు పాపం" అనేవారు. తులసి గురించి మూడు పేజీలు రాశాను. మీరు నాలుగు పేజీల ఇంగ్లీషు పాఠం చెప్పారు. ఏ ఓడ అని అడగలేదు. మీకు తెలుసు కాబట్టి అడగలేదు.

ఇంకొకటి కిందటిసారి రాయలేదు, మీరే చెప్తారని ఆగాను. ఆ రైటరు ఎలా ఉంటాడని అడిగితే తులసి ఆ మాటలు రాసుకుంటున్న నన్ను చూసి, "రాసేటప్పుడు పెదాలు కదుపుతాడు బాబూ, మీరూ అట్టాగే కదుపుతున్నారు" అన్నారు. పెదాలు కదుపుతూ రాయడం నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో మీకు తెలుసు.

నాకు మీ మీద కోపంగా ఉంది. కోపం కంటే సిగ్గుగా ఉంది. కాగితం పంపండి. పంపకపోతే నేనే కోర్టులో మీ పేరు చెప్తాను. నా మాట ఎవరూ నమ్మరు గానీ చెప్పడం చెప్తాను.

జగన్నాథం


లౌటోకా,
మే 16.

జగ్గూ,

నేనే.

ఓడ పదహారు రోజులు ఆగింది. ఇన్‌స్పెక్టరు లెక్క చూసి, ఒక్క ఆడమనిషి తక్కువ, రేపటికి లేకపోతే ఈ ఓడని కదలనివ్వను అన్నాడు. కూలీలని పంపే ఏజెంటు నా వైపు చూశాడు. అప్పటికి తులసి పేరు మగవాళ్ళ వరసలో ఉంది. అదీ నేను రాసిందే. ఆ కాగితం చింపి కొత్తది తీసి ఆడమనిషి అని రాశాను. అయిదు నిమిషాలు పట్టింది. మగ అని రాసినప్పుడూ అడగలేదు, ఆడ అని రాసినప్పుడూ అడగలేదు. నవ్విన మాట నిజం. అప్పుడు అదొక తెలివైన పనిలా అనిపించింది. పైగా నాకు భోజనం వేళయింది. పెద్ద దుర్మార్గం ఏదో ఆలోచించి చేశానని నువ్వు అనుకుంటావేమో. ఆకలేసి, తొందరగా తెమిలిపోవాలని చేశాను. అది ఇంకా అన్యాయం అని ఇప్పుడు తెలుస్తోంది.

నీ మొదటి ఉత్తరంలో పేరు చూడగానే తెలిసింది. అందుకే నాలుగు పేజీల పాఠం. భయం వేస్తే నేను ఎక్కువ మాట్లాడతానని నీకు తెలుసు.

మే 3 నాటి ఉత్తరం నాకంటే ముందు మీ అక్క చదివింది. రెండు రోజులు నాకు అన్నం వడ్డించేసి పక్క గదిలోకి పోయింది. మూడో రోజు నా ముందు సిరాబుడ్డీ కాగితమూ పెట్టి, "ఇంగ్లీషులోనే రాయండి, వాళ్ళకి బాగా అర్థమవుతుంది" అంది. ఇక్కడి మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి రాసిన కాగితం దీంతో పంపుతున్నాను.

అది రాయడానికి మూడు రోజులు పట్టింది. నీకు వేళాకోళంగా చెప్పిన దారులన్నీ తొక్కి చూశాను. "హీ" రాస్తే మళ్ళీ మొదటి కాగితం రాసినట్టుంది. "షీ" రాస్తే రెండోది రాసినట్టుంది. "దే" రాస్తే నా మీదే కేసు పెడతారేమో అనిపించింది. చివరికి నువ్వు చేసిందే చేశాను. పద్ధెనిమిది చోట్ల తులసి అనే రాశాను.

మిల్లు మేనేజరుకి సంగతి తెలిసింది. ఏమవుతుందో చూడాలి. అడుసు తొక్కింది నేనే కాబట్టి కాలు కడుక్కోవలసిందీ నేనే.

కిష్టయ్య


లంబాసా,
జూన్ 1.

బావగారికి నమస్కారాలు.

మీ కాగితం 27న అందింది. 29న కోర్టులో నేనే చదివాను. మేజిస్ట్రేటు మొదటి నుంచి చివరి దాకా తలెత్తలేదు. పద్ధెనిమిది తులసిల్లో ఒక్కదానికీ కలం కింద పెట్టలేదు.

తీర్పు ఇది. కాగితం దొంగది, కానీ దొంగతనం చేసింది తులసి కాదు. కాబట్టి డాక్టరు చూడక్కర్లేదు. ఆ కాగితం మీద కట్టిన గిర్మిట్ మొదటి నుంచీ చెల్లదు, కాబట్టి కేసూ లేదు. డాక్టరు తన సంచీ విప్పకుండానే తిరిగి వెళ్ళాడు.

గిర్మిట్ చెల్లదు అంటే తిరుగు ఓడ హక్కూ పోయినట్టే. ఆ మాటా తెలుగులో నేనే చెప్పాను. తులసి విని, "తిరిగెల్తే ఎవులున్నారు బాబూ" అన్నారు. వారంలోగా లైన్లు వదిలి వెళ్ళాలి. వునిమోలిలో రామ్ లాల్ అనే అతను తన చెరకులో సగం పాలుకి రమ్మన్నాడు. గంగ గిర్మిట్ ఇంకా నాలుగు నెలలు. అందాకా లైన్లో ఒక తెలుగు కుటుంబం తల్లీపిల్లనీ తమ గదిలో ఉంచుకుంటామంది. రామ్ ప్రసాద్‌ని దూరపు పొలాలకి మార్చారు. అతనికి ఇంతకంటే ఏమీ కాలేదు.

ఇప్పుడు నాకొక పని పడింది. బయట బతకడానికి తులసికి కొత్త కాగితం కావాలి. దాన్ని నింపేది నేను. పేరు, వయసు, ఊరు, ఆ తర్వాత ఆడా మగా అన్న గడి. మీ మీద అంత కోపంగా రాసినవాణ్ణి, రెండు రోజులుగా కలం పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఖాళీగా వదిలేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

నా మే 3 ఉత్తరంలో మాటలు ఎక్కువైనాయి. వెనక్కి తీసుకోను గానీ ఎక్కువైనాయని తెలుసు.

మీ
జగన్నాథం


లౌటోకా,
జూన్ 14.

జగ్గూ,

నన్ను ఆఫీసు నుంచి తీసేసి చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర వేశారు. ఎండ ఎక్కువ. అక్క నా టోపీకి అంచు కుట్టింది.

ఖాళీ వదలకు. నువ్వు వదిలితే రేపు ఇంకో ఆఫీసులో ఇంకో కిష్టయ్య భోజనానికి తొందరలో ఉండి నింపేస్తాడు. నేను ఆ రోజు చెయ్యని పని ఒకటి ఉంది. అది నువ్వు చెయ్యి. అడిగి రాయి.

కిష్టయ్య


లంబాసా,
జూన్ 30.

బావగారికి,

అడిగాను.

నిన్న కోర్టు వరండాలో కూర్చోబెట్టి, కాగితం ముందు పెట్టి, ఈ గడిలో ఏమి రాయమంటారు అన్నాను. తులసి ఆ గడి మీద వేలు పెట్టి చూస్తూ ఉండిపోయారు. అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను. "అర్దమయింది బాబూ. ఇది నన్నడిగినోళ్ళు ఇప్పటిదాకా నేరు, అందుకని ఆలోచిత్తన్నాను" అన్నారు. మీకు ఈ మాట రాయాలా వద్దా అని నేనూ ఆలోచించాను. రాయడమే మంచిదనుకున్నాను.

తర్వాత నన్నే అడిగారు. ఆడ అని రాస్తే గంగతో ఒకే ఇంట్లో ఉండనిస్తారా, మగ అని రాస్తే ఉండనిస్తారా అని. తెలిసినంత వరకూ చెప్పాను. ఆడ అయితే ఎవరూ అడగరు గానీ ఇంకో రామ్ ప్రసాద్ వస్తే అడ్డం నిలవడానికి చట్టం ఉండదు. మగ అయితే పెళ్ళి రిజిస్టరు చేసుకోమంటారు, అప్పుడు గంగ మీద ఇంకెవరికీ మాట ఉండదు, కానీ డాక్టరు భయం ఎప్పటికీ ఉంటుంది. తులసి వేళ్ళు మడిచి రెండూ లెక్కపెట్టుకున్నారు.

"ఏది రాత్తే గంగనీ పిల్లనీ నా కాడ ఉండనిత్తారో అది రాయి బాబూ. అది ఏటైనా నాకు ఒకటే" అన్నారు.

ఇద్దరం కలిసి తేల్చుకున్నాం. రెండిట్లో ఒకటి రాశాను. ఏదో మీకు కూడా రాయను, అది తులసి సంగతి. కాగితం లోపలికి తీసుకెళ్ళాను. మేజిస్ట్రేటు చూడకుండానే సంతకం పెట్టాడు.

మీ
జగన్నాథం